ఆదర్శీకరించు

ఆదర్శీకరించు అనేది తెలుగులో ఒక సకర్మక క్రియ. ఒక మనిషిని, వస్తువును, ఊరిని, వృత్తిని లేదా గడచిన కాలాన్ని దానిలోని లోపాలను విడిచిపెట్టి, ఏ లోపమూ లేనిదానిగా చూడటం లేదా చూపటం అని దీని అర్థం. దీని నామవాచక రూపం ఆదర్శీకరణ. సాహిత్య విమర్శ, మనస్తత్వ శాస్త్రం, భౌతిక శాస్త్రం, సామాజిక శాస్త్రాలలో ఈ పదానికి వేర్వేరు ఛాయలు కలవు. నిత్య వ్యవహారంలో ఈ క్రియను అరుదుగా వాడినప్పటికీ, ఈ భావాన్ని తెలిపే సామెతలు, జాతీయాలు తెలుగులో చాలా ఉన్నాయి. వాటిలో "దూరపు కొండలు నునుపు" అనేది ముఖ్యమైనది.

వ్యుత్పత్తి

ఈ పదానికి మూలం సంస్కృతంలోని "ఆదర్శ" శబ్దం. చూచుట అనే అర్థం గల "దృశ్" ధాతువుకు "ఆ" అనే ఉపసర్గ చేరి ఇది ఏర్పడింది. ఆదర్శ శబ్దానికి మొదటి అర్థం అద్దం. తెలుగులోని "అద్దము" అనే మాట కూడా ఈ ఆదర్శ శబ్దానికి తద్భవమే. అనగా ఆదర్శం, అద్దం అనేవి ఒకే మాట యొక్క రెండు రూపాలు. అద్దంలో చూచుకొని ముఖాన్ని సరిదిద్దుకొన్నట్లే, ఒకరి నడవడిని చూచి తన నడవడిని సరిదిద్దుకొనవచ్చును గనుక, "అనుసరించదగిన మేలిమి నమూనా" అనే అర్థం తరువాత స్థిరపడింది.

ఆదర్శ శబ్దం అద్దం అనే అర్థంలో ఛాందోగ్యోపనిషత్తు 8వ అధ్యాయంలో కనిపిస్తుంది. ఆత్మను తెలుసుకోగోరి దేవతల పక్షాన ఇంద్రుడు, అసురుల పక్షాన విరోచనుడు ప్రజాపతి వద్దకు వస్తారు. మంచి వస్త్రాలు, ఆభరణాలు ధరించి నీటిలో తమ రూపాన్ని చూచుకొమ్మని ప్రజాపతి వారితో చెప్తాడు. అలంకరించుకొన్న ప్రతిబింబాన్నే ఆత్మగా తలచి విరోచనుడు తృప్తితో వెళ్ళిపోతాడు. ఇంద్రునికి మాత్రం దారిలో సందేహం కలుగుతుంది. శరీరం అలంకరించుకొన్నప్పుడు అందంగా కనిపించిన ప్రతిబింబం, శరీరం గుడ్డిదైనా కుంటిదైనా అలాగే కనిపిస్తుంది గదా అని ఆలోచించి అతడు వెనుకకు వస్తాడు. అలంకరించిన ప్రతిబింబాన్ని అసలుగా భావించటం వలన కలిగే పొరపాటుకు ఈ కథ చాలా ప్రాచీనమైన ఉదాహరణ.

ఆదర్శ శబ్దానికి "ఈకరణ" చేరటం సంస్కృత వ్యాకరణంలోని "చ్వి" ప్రత్యయం వలన జరిగింది. పాణిని అష్టాధ్యాయిలో దీనిని విధించే సూత్రం 5.4.50. పదం చివరి అకారం ఈకారంగా మారటాన్ని 7.4.32 సూత్రం చెప్తుంది. చ్వి ప్రత్యయానికి అర్థం "అభూత తద్భావం", అనగా ముందు అలా లేనిది అలా అగుట. తెల్లనిది కానిదానిని తెల్లగా చేయటం శుక్లీకరణం. తనది కానిదానిని తనదిగా చేసికొనటం స్వీకరణం. ఇదే పద్ధతిలో, ఆదర్శం కానిదానిని ఆదర్శంగా చేయటం ఆదర్శీకరణం. కావున, వస్తువు అంతకు ముందు అటువంటిది కాదనే సూచన ఈ మాట నిర్మాణంలోనే ఇమిడి ఉన్నది.

ఈ రూపానికి "ఇంచు" చేరగా తెలుగు క్రియ ఏర్పడుతుంది. స్వీకరించు, అంగీకరించు వంటి పాత మాటలు, ఆధునికీకరించు, సరళీకరించు, సాధారణీకరించు వంటి కొత్త మాటలు ఈ తీరులోనివే. ఈ ప్రత్యయం తెలుగులో ఎంతగా ఇమిడిపోయినదనగా, సంస్కృతం కాని మాటలకు సైతం చేరి ప్రైవేటీకరించు వంటి పదాలు ఏర్పడ్డాయి.

ఇదే అర్థంలో ఆంగ్లంలో వాడే "ఐడియలైజ్" అనే క్రియకు మూలమైన గ్రీకు "ఇదెయా" శబ్దం కూడా చూచుట అనే అర్థం గల ధాతువు నుండే పుట్టింది. ఆ ధాతువు సంస్కృతంలోని "విద్" ధాతువుకు సోదరి. రెండు భాషలలోను ఈ భావం చూపుకు సంబంధించిన మాటల నుండి రావటం గమనించదగినది.

వ్యాకరణ రూపాలు

ఈ క్రియకు కర్మ తప్పనిసరి. కర్మకు సాధారణంగా ద్వితీయా విభక్తి వస్తుంది.

* భూతకాలం: ఆదర్శీకరించాడు, ఆదర్శీకరించింది. ఉదా: "రచయిత ఈ నవలలో ఉమ్మడి కుటుంబాన్ని ఆదర్శీకరించాడు."
* తద్ధర్మం: ఆదర్శీకరిస్తారు. ఉదా: "పిల్లలు చిన్నతనంలో తల్లిదండ్రులను ఆదర్శీకరిస్తారు."
* ఆత్మార్థకం: ఆదర్శీకరించుకొను. ఉదా: "అతడు తన బాల్యాన్ని ఆదర్శీకరించుకొన్నాడు."
* కర్మణి రూపం: ఆదర్శీకరింపబడు. ఇది గ్రాంథిక, శాస్త్రీయ రచనలలో ఎక్కువ.
* విశేషణం: ఆదర్శీకృత. ఉదా: "ఆదర్శీకృత చిత్రణ", "ఆదర్శీకృత నమూనా."
* నామవాచకం: ఆదర్శీకరణ, ఆదర్శీకరణం.

"ర్శ" తరువాత దీర్ఘం తప్పక ఉండాలి. "ఆదర్శికరించు" అని హ్రస్వంతో వ్రాయటం, "ఆదర్శవంతీకరించు" అని వ్రాయటం సరికాదు.

అర్థభేదాలు

ఈ క్రియకు మూడు ముఖ్యమైన అర్థాలు గలవు.

మొదటిది, చూచేవాని మనసులో జరిగేది. ఎదుటివానిలో ఉన్న దోషం కంటికి ఆనకపోవటం, ఆనినా లెక్కకు రాకపోవటం. ప్రేమ, భక్తి, అభిమానం, దూరం, మరణం దీనికి సాధారణ కారణాలు.

రెండవది, కళాకారుడు లేదా రచయిత తెలిసి చేసేది. శిల్పి ముఖంపై మచ్చలను విడిచిపెట్టి శిల్పాన్ని చెక్కటం, కవి నాయకుని సర్వగుణ సంపన్నునిగా వర్ణించటం ఈ కోవలోనివి.

మూడవది, శాస్త్రజ్ఞుడు లెక్క కోసం చేసేది. ఘర్షణ లేని తలం, బరువు లేని తాడు వంటివి ప్రపంచంలో లేవని తెలిసి కూడా ఉన్నట్లు అనుకొని లెక్క కట్టటం.

మొదటి అర్థంలో సాధారణంగా నింద ధ్వనిస్తుంది. రెండవ అర్థంలో మెప్పు గాని విమర్శ గాని ఉండవచ్చును. మూడవ అర్థంలో రెండూ ఉండవు.

దగ్గరి పదాలతో భేదం

* ఆదర్శంగా తీసుకొను: ఈ రెంటికీ భేదాన్ని చాలామంది గమనించరు. ఒక గురువును ఆదర్శంగా తీసుకొన్నప్పుడు మారవలసినది శిష్యుడు. గురువును ఆదర్శీకరించినప్పుడు శిష్యుడు మారడు, శిష్యుని మనసులో గురువు రూపం మారుతుంది. గురువు కోపిష్ఠి అని తెలిసి కూడా ఆయన సమయపాలనను ఆదర్శంగా తీసుకొనవచ్చును. గురువును ఆదర్శీకరించిన శిష్యునికి మాత్రం ఆ కోపం కూడా గుణంగానే కనిపిస్తుంది.
* పొగడు: పొగడటం మాటలకు సంబంధించినది. మనసులో నమ్మకుండా కూడా పొగడవచ్చును. ఆదర్శీకరణలో నమ్మకం ఉంటుంది.
* అతిశయోక్తి: ఇది ఒక అలంకారం. వినేవానికి అది అతిశయమని తెలిసే ఉంటుంది.
* ఉదాత్తీకరించు: ఒక కోరికను లేదా ఆవేశాన్ని ఉన్నతమైన పనివైపు మళ్ళించటం. ఇక్కడ మారేది కోరిక, వస్తువు కాదు.
* ఆదర్శవాదం, భావవాదం: ఉన్నతమైన విలువల కొరకు పాటుపడటాన్ని ఆదర్శవాదం అంటారు. భౌతికవాదానికి ఎదురుగా నిలిచే తత్త్వశాస్త్ర సిద్ధాంతాన్ని తెలుగులో భావవాదం అంటారు. ఆంగ్లంలో రెంటికీ ఒకే మాట ఉన్నందున అనువాదాలలో ఈ పొరపాటు తరచు దొర్లుతుంది.

ప్రభుత్వ వ్యవహారంలోను, పత్రికలలోను వాడే ఆదర్శ గ్రామం, ఆదర్శ పాఠశాల, ఆదర్శ రైతు వంటి మాటలలో ఆదర్శ శబ్దానికి "ఇతరులకు మార్గం చూపే నమూనా" అని మాత్రమే అర్థం. ఉదాహరణకు 2014లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సంసద్ ఆదర్శ గ్రామ యోజనలో పార్లమెంటు సభ్యుడు ఎంచుకొన్న గ్రామం లోపరహితమైనదని కాదు, అభివృద్ధి పరచవలసినదని అర్థం. కులాంతర వివాహాన్ని, కట్నం లేని పెళ్ళిని "ఆదర్శ వివాహం" అనటం తెలుగు వ్యవహారంలో ప్రత్యేకమైన వాడుక. ఆ దంపతులు జీవితమంతా కలతలు లేకుండా ఉంటారని ఆ మాట చెప్పదు. వారి నుండి అటువంటి కాపురాన్నే ఆశించటం జరిగితే అప్పుడు అది ఆదర్శీకరణ అవుతుంది.

సామెతలు, జాతీయాలు

ఈ భావాన్ని తెలిపే తెలుగు సామెతలను అవి చూపే కారణాన్ని బట్టి ఇలా విభజించవచ్చును.

* దూరం: దూరపు కొండలు నునుపు.
* తనది కాకపోవటం: పొరుగింటి పుల్లకూర రుచి.
* మమకారం: కాకి పిల్ల కాకికి ముద్దు.
* మరణం: చచ్చినవాని కండ్లు చారెడు. బ్రతికి ఉండగా ఎవరూ మెచ్చని కండ్లు పోయిన తరువాత చారెడంత అయినవని భావం.

దీనికి వ్యతిరేక దిశలో, దగ్గరగా ఉన్న మంచి కంటికి ఆనదని చెప్పే సామెత "పెరటి చెట్టు మందుకు రాదు". ఆకాశానికెత్తు, నెత్తిన పెట్టుకొను, అందలమెక్కించు అనే జాతీయాలు కూడా ఈ సందర్భంలో వినిపిస్తాయి. వీటన్నిటిలోను ఎక్కించటం, ఎత్తటం అనే భావం ఉన్నది. ఎక్కించినవాడే దించవచ్చును అనే సూచన కూడా ఉన్నది.

దూరపు కొండలు: ఖాజాగూడ ఉదాహరణ

"దూరపు కొండలు నునుపు" అనే సామెతను అక్షరాలా పరీక్షించటానికి హైదరాబాదు పశ్చిమ భాగంలోని ఖాజాగూడ తగిన స్థలం. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి పరిధిలో, గచ్చిబౌలి, రాయదుర్గం, మణికొండల నడుమ ఉన్న ఈ ప్రాంతంలోని గుట్టలను ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. గుట్టపై బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, గుహలో అనంత పద్మనాభస్వామి ఆలయం కలవు. 1951లో మెహెర్ బాబా ఏకాంతవాసం చేసిన గుహ కూడా ఈ కొండలలోనే ఉన్నది.

ఈ గుట్టలు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్ శిలలు. భూగర్భంలో గడ్డకట్టిన శిలలో నిలువుగాను, అడ్డంగాను పగుళ్ళు ఏర్పడ్డాయి. వాటిలోనికి దిగిన నీరు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా బంకమన్నుగా మార్చింది. దిమ్మె యొక్క మూలలకు మూడు వైపుల నుండి నీరు తగులుతుంది, అంచులకు రెండు వైపుల నుండి, ముఖాలకు ఒక వైపు నుండి మాత్రమే తగులుతుంది. కావున మూలలు ముందుగా అరిగి, పలకల దిమ్మెలు గుండ్రని బండలుగా మారాయి. చుట్టూ ఉన్న మన్ను వానలకు కొట్టుకొనిపోగా, ఎవరో పేర్చినట్లు ఒకదానిపై ఒకటి నిలిచిన బండలు మిగిలాయి.

ఈ బండలు దూరం నుండి నునుపుగా కనిపించటానికి రెండు కారణాలు. ఆరోగ్యవంతమైన మనిషి కన్ను వేరుచేసి చూడగల అతి చిన్న కోణం సుమారు ఒక డిగ్రీలో 60వ వంతు. ఒక కిలోమీటరు దూరంలో ఇది సుమారు 30 సెంటీమీటర్లకు సమానం. అంతకంటె చిన్నవైన గుంటలు, పగుళ్ళు, గరుకుదనం అంత దూరం నుండి కంటికి కనిపించవు. రెండవది, నడుమ ఉన్న గాలి, ధూళి కాంతిని చెదరగొట్టి వెలుగు నీడల భేదాన్ని తగ్గిస్తాయి. బాగా దూరపు కొండలకు నీలి ఛాయ కూడా ఇందువలననే వస్తుంది.

దగ్గరకు వెళ్ళి చేయి పెట్టి చూస్తే ఈ రాయి గరుకుగా ఉంటుంది. మెత్తని ఫెల్డ్‌స్పార్ అరిగినచోట గట్టి క్వార్ట్జ్ రేణువులు పైకి నిలిచి ఉంటాయి. ఖాజాగూడ గుట్టలపై తాళ్ళు లేకుండా బండలెక్కే క్రీడను సాధన చేసేవారికి పట్టు దొరికేది ఈ గరుకుదనం వలననే. రాయి నిజంగా నునుపుగా ఉంటే దానిని ఎక్కటం కష్టమవుతుంది. సామెత హెచ్చరించేది ఒక పొరపాటు గురించి అయితే, ఈ ఉదాహరణ ఇంకొక విషయాన్ని కూడా చూపుతున్నది. ఆదర్శీకరణలో చూపు నుండి తప్పిపోయేది లోపం మాత్రమే కాదు, ఒక్కొక్కసారి ఆ వస్తువు యొక్క ఉపయోగం కూడా.

సైబరాబాద్ ప్రాంతంలో ఈ భావం

ఖాజాగూడ పరిసరాలు రెండు విధాలైన ఆదర్శీకరణకు లోనయ్యాయి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించాడు. ఆ తరువాత కాలంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం తెలుగు మధ్యతరగతి కుటుంబాలలో అన్నిటికంటె మేలైన జీవనోపాధిగా స్థిరపడింది. చదువుల ఎంపికలోను, పెళ్ళి సంబంధాలలోను ఆ ఉద్యోగానికి ప్రత్యేకమైన విలువ ఏర్పడింది. 2001, 2008 సంవత్సరాలలో వచ్చిన ఆర్థిక మాంద్యాల కాలంలో ఉద్యోగాలు పోయినప్పుడు, ఆ వృత్తిలోని అనిశ్చితి అనేక కుటుంబాలకు తెలిసివచ్చింది.

దీనికి ఎదురుగా, టవర్లకు ముందున్న పల్లెలను ఆదర్శీకరించటం కూడా కలదు. దక్కను పీఠభూమిలోని ఈ ప్రాంతం బండలు, తుమ్మచెట్లు, చెరువులు, వర్షాధారపు పొలాలు గల నేల. కథలలోను, జ్ఞాపకాలలోను దీనిని ఏడాది పొడుగునా పచ్చగా ఉండిన పల్లెసీమగా చూపటం రెండవ రకపు ఆదర్శీకరణ అవుతుంది. మొదటిది రాబోయే కాలాన్ని, రెండవది గడచిన కాలాన్ని నునుపు చేస్తుంది. ఉన్న బండలను, ఉన్న చెరువులను కాపాడవలసి వచ్చినప్పుడు ఈ రెంటిలో ఏదీ ఉపకరించదు. అందుకు ఏ బండ ఎక్కడ ఉన్నది, ఏ కాలువ ఏ చెరువులోనికి పారుతుంది అనే వివరాలు కావాలి. 1996లో హైదరాబాదులో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ శిలల గురించి ప్రచారంతో పాటు శిలల మధ్య నడకలను కూడా నిర్వహిస్తూ వచ్చింది. దూరం నుండి చూచేవారిని దగ్గరకు తీసుకొని వెళ్ళటం ఈ నడకల వలన కలిగే ప్రయోజనం.

సంస్థలను ఆదర్శీకరించటానికి హైదరాబాదుకు సంబంధించిన ప్రసిద్ధమైన ఉదాహరణ సత్యం కంప్యూటర్ సర్వీసెస్. 1987లో స్థాపించబడిన ఈ సంస్థ తెలుగువారి వ్యాపార సామర్థ్యానికి గుర్తుగా పేరు పొందింది. 2008లో మేలైన సంస్థాగత పాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారాన్ని కూడా అందుకొన్నది. 2009 జనవరి 7న సంస్థ అధిపతి బి.రామలింగరాజు ఖాతాలలో లేని నగదును ఉన్నట్లు చూపినట్లు లేఖ ద్వారా వెల్లడించాడు. ఆ లేఖ ప్రకారం లేని నగదు, బ్యాంకు నిల్వలు సుమారు 5,040 కోట్ల రూపాయలు. పురస్కారాన్ని తరువాత రద్దు చేశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం అతనిని, మరికొందరిని దోషులుగా నిర్ధారించింది. దానిపై వారు అప్పీలు చేశారు. ఈ ఉదంతంలో లెక్కలను తారుమారు చేయటం మోసం. ఆ లెక్కలను చాలాకాలం ఎవరూ గట్టిగా ప్రశ్నించకపోవటంలో మాత్రం ఆదర్శీకరణకు కొంత పాత్ర ఉన్నదని చెప్పవచ్చును.

శాస్త్రాలలో

భౌతిక, రసాయన శాస్త్రాలలో ఆదర్శీకరణ ఒక అంగీకృత పద్ధతి. తెలుగు పాఠ్యపుస్తకాలలోని "ఆదర్శ వాయువు" దీనికి తెలిసిన ఉదాహరణ. అణువులకు పరిమాణం లేదని, వాటి మధ్య ఆకర్షణ లేదని అనుకొంటే, పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతల సంబంధం ఒక చిన్న సమీకరణంలో ఇముడుతుంది. నిజమైన వాయువులు తక్కువ పీడనం, ఎక్కువ ఉష్ణోగ్రతల వద్ద ఈ సమీకరణాన్ని దాదాపుగా అనుసరిస్తాయి, ఇతర పరిస్థితులలో తప్పుతాయి. ఏ లోపాన్ని విడిచిపెట్టినదీ ముందుగానే ప్రకటించటం, తేడా వచ్చినప్పుడు దానిని తిరిగి లెక్కలోనికి తీసుకొనటం శాస్త్రీయ ఆదర్శీకరణ లక్షణాలు. 1873లో వాన్ డర్ వాల్స్ చేసినది ఈ రెండవ పనియే.

సామాజిక శాస్త్రంలో మాక్స్ వెబర్ 1904లో ప్రకటించిన వ్యాసంలో "ఆదర్శ రూపం" అనే భావనను వివరించాడు. ఇక్కడ ఆదర్శం అనగా మంచిది అని కాదు. ఒక లక్షణాన్ని స్పష్టత కోసం పూర్తిగా పెంచి చూపిన ఊహాచిత్రం అని అర్థం. ఈ అర్థంలో దొంగల ముఠాకు కూడా ఒక ఆదర్శ రూపం ఉండవచ్చును.

మనస్తత్వ శాస్త్రంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ 1914లో ఆదర్శీకరణను, ఉదాత్తీకరణను వేరుచేసి చూపాడు. మెలనీ క్లైన్ సిద్ధాంతం ప్రకారం ఒకరిని పూర్తిగా మంచిగా చూడటం, మరొకరిని పూర్తిగా చెడుగా చూడటం జంటగా జరుగుతాయి. నిన్నటి వరకు దేవునిగా కనిపించినవాడు ఒక్క తప్పుతో దుర్మార్గునిగా కనిపించటాన్ని ఈ సిద్ధాంతం వివరిస్తుంది. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైనికాధికారులు తమ క్రింది వారిపై ఇచ్చిన అంచనాలను పరిశీలించి, ఒక గుణంలో మంచివానిగా తోచినవానికి సంబంధం లేని ఇతర గుణాలలో కూడా ఎక్కువ మార్కులు పడుతున్నట్లు గమనించాడు. ఫ్రెంచి రచయిత స్టెంధాల్ 1822లో ప్రేమపై వ్రాసిన గ్రంథంలో దీనికి ఒక పోలిక చెప్పాడు. సాల్జ్‌బర్గ్ ఉప్పుగనిలో పడవేసిన ఎండుకొమ్మ కొన్ని నెలలకు మెరిసే స్ఫటికాలతో నిండి, కొమ్మగా గుర్తుపట్టరాకుండా పోతుందని, ప్రేమించినవారి విషయంలో మనసు ఇదే చేస్తుందని అతని భావం.

సాహిత్యం, కళలు

మహాభారతం ఆదిపర్వంలోని తిలోత్తమ కథ ఆదర్శ సౌందర్య నిర్మాణానికి పేరు పొందింది. విశ్వకర్మ లోకంలోని అందమైన వస్తువులన్నిటి నుండి సారాన్ని సేకరించి ఆమెను సృష్టించాడు. ఆమె కొరకు సుందోపసుందులనే అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకొన్నారు. గ్రీకు చిత్రకారుడు జ్యూక్సిస్ హెలెన్ చిత్రం కోసం ఐదుగురు యువతుల నుండి ఒక్కొక్క అందాన్ని తీసుకొన్నాడనే కథ దీనికి దగ్గరగా ఉంటుంది.

గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" నాటకంలో వెంకటేశం గిరీశాన్ని చూచే తీరు ఆదర్శీకరణకు హాస్యపూరితమైన ఉదాహరణ. గిరీశం మాటలలోని డొల్లతనం ప్రేక్షకునికి తెలుస్తూనే ఉంటుంది, శిష్యునికి తెలియదు. 1957 నాటి "మాయాబజార్" చిత్రంలో చూచేవారికి ప్రియమైనదానిని చూపే "ప్రియదర్శిని" అనే పేటిక కనిపిస్తుంది. శశిరేఖకు అందులో అభిమన్యుడు కనిపిస్తాడు. ప్రియదర్శిని, ఆదర్శం అనే రెండు మాటలకూ ధాతువు ఒకటే. ఆదర్శీకరించే మనసు అద్దంలా ఉన్నదానిని చూపదు, ప్రియదర్శినిలా కోరినదానిని చూపుతుంది.

తెలుగు విమర్శలో ఈ క్రియ ఎక్కువగా వాడబడేది గ్రామం, స్త్రీ అనే రెండు విషయాలలో. పల్లెను అన్యోన్యతకు నిలయంగా చిత్రించిన రచనలలో ఊరు కనిపించి, ఊరి వెలుపలి వాడ కనిపించదని దళిత సాహిత్య విమర్శ చూపింది. ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" (1922), గుర్రం జాషువ "గబ్బిలం" (1941) ఆ కనిపించని భాగాన్ని సాహిత్యంలోనికి తెచ్చిన రచనలు. అదేవిధంగా స్త్రీని సహనమూర్తిగా, త్యాగమయిగా ఆదర్శీకరించటం వలన ఆమె అలసట, కోపం, కోరిక చెప్పుకొనటానికి వీలులేనివి అవుతాయని స్త్రీవాద విమర్శ వాదించింది. ఇటువంటి సందర్భాలలో ఆదర్శీకరణ గౌరవంగా కనిపించినా, దాని భారాన్ని మోసేది ఆదర్శీకరింపబడినవారే.

ప్రయోజనం, హాని

ఆదర్శీకరణ అన్ని వేళలా హానికరం కాదు. పిల్లవాడు తండ్రిని సర్వసమర్థునిగా భావించటం వలన అతనికి భద్రత కలుగుతుందని, ఆ భావన మెల్లమెల్లగా తగ్గటం ఆరోగ్యకరమని హైంజ్ కోహుట్ వంటి మనోవిశ్లేషకులు భావించారు. 1996లో శాండ్రా మరే, జాన్ హోమ్స్, డేల్ గ్రిఫిన్ ప్రకటించిన పరిశోధనలో, భాగస్వామిని అతడు లేదా ఆమె తనను తాను భావించుకొనే దానికంటె మెరుగుగా చూచే జంటలలో తృప్తి ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

హాని మూడు విధాలుగా కలుగుతుంది. చూచేవాడు మోసపోవచ్చును. చూడబడేవాడు ఆ ఎత్తులో నిలువలేక తన తప్పులను దాచవచ్చును. నిజమైన లోపాన్ని సరిదిద్దే అవకాశం తప్పిపోవచ్చును. లోపం లేదని నమ్మిన ఇంటికి మరమ్మతు చేయరు.

వాడుకలో జాగ్రత్తలు

ఒక రచనను లేదా వ్యక్తిని గురించి "ఆదర్శీకరించారు" అని వ్రాసేటప్పుడు, ఏ లోపాన్ని విడిచిపెట్టారో కూడా చెప్పటం మంచిది. అలా చెప్పనిచో అది విమర్శగా గాక నిందగా మిగులుతుంది. నిజంగా ఉన్న మంచిగుణాన్ని మెచ్చుకొనటం ఆదర్శీకరణ కాదు. ముందు లేనిది చేర్చటం గాని, ఉన్న లోపాన్ని తీసివేయటం గాని జరిగినప్పుడే, చ్వి ప్రత్యయం యొక్క అర్థాన్ని బట్టి, ఈ క్రియ వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

* అతిశయోక్తి అలంకారం
* ఆదర్శ వాయువు
* ఖాజాగూడ
* తిలోత్తమ
* తెలుగు సామెతలు
* భావవాదం